వేమవరం షేలులో పూవు లాంటి అచ్చు: ఇది పూవా, కాదా?

పెన్నా_ఇసుక
ఒంగోలు దగ్గర వేమవరం వైపు బావి తవ్విన మట్టిగుట్టలో దొరికిన షేలు (పొరలుగా విడే బంకమట్టి రాయి) పలక ఇది. లేత గోధుమ రంగు, గోటితో గీస్తే గీత పడుతుంది. మధ్యలో గుండ్రటి బొడిపె, దాని చుట్టూ సన్నటి రేకులు వరసగా విచ్చుకుని ఉన్నాయి. ఎట్టా చూసినా పూవే. ఈ రాళ్లు తొలి క్రెటేషియస్ (సుమారు 14.5 నుంచి 10 కోట్ల ఏళ్ల కిందటి కాలం) నాటివి అంటారు, చైనాలో దొరికిన పూలమొక్క శిలాజం ఆర్కిఫ్రక్టస్ కూడా ఆ కాలపుదే కదా. మరి మన జిల్లా రాళ్లలో పూల శిలాజాలు లేవని ఎందుకు రాస్తారు? వెతికినవాళ్లు లేకనా? ఫోటోలు మూడు పెట్టా, చూసి చెప్పండి.

మార్కాపురం_పలక
స్కేలు ఏదబ్బా? వేలు పెడితే ఎవరి వేలు అనుకోవాలి, ఎంత లావు అనుకోవాలి.

గూడూరు_అభ్రకం
ముందు డెండ్రైట్ కాదని తేల్చుకోండి. షేలు పొరల మధ్య మాంగనీస్ నీళ్లు దిగి నల్లగా కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. చాలామంది దాన్నే ఫెర్న్ ఆకు అనుకుంటారు. పది రెట్ల లెన్సు పెట్టి మూడు విషయాలు చూడండి. రంగు మసి నలుపా? గీతలు చీలికల అంచు నుంచి మొదలై లోపలికి పాకాయా? వేలితో తడిమితే ఎత్తుపల్లం ఏమీ లేదా? మూడింటికీ అవును అయితే అది ఖనిజమే. మొక్క అచ్చుకి ఎంతోకొంత లోతు ఉంటుంది, మధ్య ఈనె దగ్గర పల్లం తెలుస్తుంది.

మార్కాపురం_పలక
మా వైపు బలపం పలకల మీద కూడా ‘పూలు’ చూపించేవాళ్లున్నారు. ఆ స్లేటు వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పటికి నేల మీద గడ్డిపరక కూడా లేదు. చీమకుర్తి గెలాక్సీ నల్ల గ్రానైటులో నక్షత్రాలు మెరుస్తాయి కాబట్టి అక్కడ కూడా ఏదో ఒక పూవు వెతకొచ్చు. అది కరిగి గడ్డకట్టిన రాయి సామీ, శిలాజం మాటే లేదు.

పెన్నా_ఇసుక
డెండ్రైట్ కాదు. మసి లేదు, రేకులకి లోతు ఉంది. స్కేలు పెట్టి నాలుగో ఫోటో ఎక్కించా. బొడిపె 14 మిల్లీమీటర్లు, రేకులు ఒక్కోటి 20 దాకా.

రేణువు_లెక్క
నాలుగో ఫోటో బాగుంది, వెలుతురు పక్క నుంచి పడింది. నా లెక్కన ఇది బెన్నెటైటేలీస్ అనే అంతరించిపోయిన వివృతబీజ మొక్కల కోను (విత్తనాలు పుట్టే కంకి). పూవు కాదు.

వేమవరం షేలు గురించి కొత్తగా కనిపెట్టేది తక్కువ. రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరపు రాళ్ల వివరం 1880లో రాశాడు. ఆ మొక్కల్ని ఫైస్ట్‌మాంటెల్ అంతకు ముందు ఏడాది, 1879లోనే వర్ణించాడు. టైలోఫిల్లం, ఓటోజామైటిస్, డిక్టియోజామైటిస్, టీనియోప్టెరిస్, అరకేరియా జాతి పొలుసులు. అంతా ఫెర్నులు, వివృతబీజాలే. టైలోఫిల్లం ఆకులు కుప్పలుగా దొరికే చోట ఆ ఆకుల మొక్క కోనులు కూడా దొరకడం సహజం. బీర్బల్ సాహ్ని 1932లో రాజమహల్ కొండల నుంచి విలియమ్సోనియా సేవార్డియానా అనే బెన్నెటైటేలీస్ మొక్క మొత్తాన్ని పునర్నిర్మించి చూపించాడు: కాండం, టైలోఫిల్లం ఆకులు, పూవు లాంటి కోను.

మీరు రేకులు అంటున్నవి కోనుని కప్పి ఉండే పొలుసాకులు. తేడా పట్టుకోవాలంటే బొడిపె మీద లెన్సు పెట్టండి. తేనెపట్టు గదుల్లా పలకలు పలకలుగా, ఆ పలకల సందుల్లో చిన్న చిన్న చుక్కలు కనపడితే తిరుగు లేదు. పలకలు విత్తనాల మధ్య ఉండే పొలుసుల తలలు. చుక్కలు అండాల మూతులు. అంటే అండాలు బయటికే తెరుచుకుని ఉన్నాయి, పుప్పొడి నేరుగా వాటి మూతి మీదే పడుతుంది. పూలమొక్కలో అట్టా కుదరదు. అండం ఫలదళం (కాయగా మారే ఆడ భాగం) లోపల మూసి ఉంటుంది, పుప్పొడి దాని కొన అయిన కీలాగ్రం మీద పడి గొట్టం దింపుకోవాలి. రేకులున్నాయా లేదా అన్నది అసలు లెక్కలోకే రాదు.

మైపాడు_గాలి
అంటే రేకులున్నది పూవు కాదు, రేకుల్లేని ఆర్కిఫ్రక్టస్ పూవు. బాగుంది వ్యవహారం.

రేణువు_లెక్క
వ్యవహారం అదే. ఆర్కిఫ్రక్టస్‌లో రక్షక పత్రాలు లేవు, ఆకర్షణ పత్రాలు లేవు. నిటారు కాడ మీద కింద కేసరాలు, పైన ఫలదళాలు, ఆ ఫలదళాల్లో విత్తనాలు. ఆ మూసిన ఫలదళాల వల్లే దాన్ని ఆవృతబీజం, అంటే పూలమొక్క అన్నారు.

చెరువుకట్ట
దాని మీద కూడా తగువు ఉందిగా. ఆ కాడ మొత్తం ఒకే పూవా, లేక చిన్న చిన్న పూల గుత్తా? 1998లో సున్ గె, డిల్చర్ బృందం ప్రకటించినప్పుడు ఒకే పూవు అన్నారు, వయసు కూడా జురాసిక్ (క్రెటేషియస్‌కి ముందు కాలం) అన్నారు. తర్వాత అది దొరికిన ఇషియన్ రాళ్లలోని అగ్నిపర్వత బూడిద పొరల్ని కొలిస్తే సుమారు 12.5 కోట్ల ఏళ్లని తేలింది. 2003లో శిలాజ పూల శాస్త్రవేత్త ఫ్రిస్ వాళ్లు అది నీటి జీవితానికి కుదించుకుపోయిన పూల గుత్తి అన్నారు. కేసరాలు జంటలుగా ఉండటం అందుకు ఒక కారణం. నేను రెండో పక్షం. కాబట్టి ‘తొలి పూవుకి రేకుల్లేవు’ అని దాన్ని పట్టుకుని చెప్పకూడదు. నీళ్లలోకి దిగిన మొక్క ఏది పారేసుకుందో దాన్ని పూర్వీకుల లక్షణం అనుకుంటే ఎట్టా?

మైపాడు_గాలి
నాన్‌జింగాంథస్ మాటేంటి? 17.4 కోట్ల ఏళ్ల జురాసిక్ పూవు అని 2018లో పేపర్లన్నీ మోగించాయి.

చెరువుకట్ట
మోగించాయి. మరుసటి ఏడాదే కోయిరో, డాయిల్, హిల్టన్ దాన్ని ఉతికి ఆరేశారు. వాళ్ల వాదన ప్రకారం అవి కోనిఫర్ కోను నలిగిన అచ్చులు కావచ్చు, మూసిన అండకోశం ఉందనడానికి చూపించిన ఆధారం నిలవదు. వందల నమూనాలున్నాయి కాబట్టి నిజం అన్న మాట పనికిరాదు. తప్పు చదివిన అచ్చు వంద దొరికినా తప్పే.

పెన్నా_ఇసుక
లెన్సుతో చూశా. బొడిపె మీద పలకలు ఉన్నాయి. ఒక పక్కనే స్పష్టంగా ఉన్నాయి, చుక్కలు కొన్ని చోట్ల. సరే, విలియమ్సోనియా రకం అనుకుందాం. కానీ అసలు ప్రశ్న అట్టాగే ఉంది. అదే కాలానికి పోర్చుగల్‌లో పూలు దొరుకుతుంటే ఇక్కడ ఎందుకు దొరకవు?

మెష్_120
ఎందుకంటే పోర్చుగల్ పూలు ఎవరూ సుత్తితో రాయి కొట్టి తీసినవి కావు. అవి ఒకటి రెండు మిల్లీమీటర్లు. అడవి మంటల్లో బొగ్గయి, వానకు కొట్టుకొచ్చి బంకమట్టిలో ఇసుకలో పూడుకుపోయినవి. బొగ్గుని సూక్ష్మజీవులు తినవు, మీద బరువు పడ్డా త్వరగా చదును కాదు. అందుకే కణాల గోడల దాకా మూడు కొలతల్లో మిగిలింది. 1981లో ఫ్రిస్, స్కార్‌బీ స్వీడన్‌లోని ఆసెన్ నుంచి అట్టాంటివి చూపించాక పూల శిలాజాల పనంతా మారిపోయింది.

పని ఇట్టా సాగుతుంది. మట్టిగడ్డని పూర్తిగా ఆరబెట్టాలి, నీడలో. ఆరని గడ్డని నీళ్లలో వేస్తే బంకలా ముద్దయి కూర్చుంటుంది, ఆరినదైతే బుడగలొచ్చి దానంతట అదే విచ్చుకుంటుంది. కర్రతో కలపకూడదు, పూలన్నీ నుజ్జవుతాయి. విచ్చుకున్నదాన్ని 125 మైక్రాన్ల జల్లెడ మీద సన్నటి ధారతో కడగాలి. మన దుకాణాల్లో 120 నంబరు మెష్ అని అడిగితే ఇస్తారు. జల్లెడలో మిగిలిన నల్ల నలుసుల్ని ఆరబెట్టి, స్టీరియో మైక్రోస్కోపు కింద తడి కుంచె మొనతో ఒక్కొక్కటీ ఏరాలి. వాటికి అతుక్కున్న ఇసుకని ప్రయోగశాలలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తీస్తారు. అది ఇంట్లో ముట్టుకోకూడని ఆమ్లం, చర్మం లోంచి ఎముక దాకా పోతుంది. ఆ మాట ఇక్కడితో ఆపుదాం.

ఇప్పుడు మీ షేలు. పైపొరల్లో గాలీ నీరూ తగిలి తెల్లగా, గోధుమగా మారిన షేలులో సేంద్రియ పదార్థం ఆక్సీకరణ చెంది పోతుంది. మిగిలేది అచ్చు మాత్రమే. అందులో జల్లెడ పట్టినా ఏమీ రాదు. బూడిద రంగో నలుపో ఉండే, గాలి తగలని బంకమట్టి కావాలి.

రేణువు_లెక్క
పైగా అది సముద్రం అంచున పేరుకున్న మట్టి. ఇదే తీరపు బూదవాడ రాళ్లలో అమ్మోనైట్లు (చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న సముద్ర జీవులు) ఉన్నాయి, స్పాత్ 1933లో వర్ణించాడు. టైలోఫిల్లం లాంటి తోలు ఆకు ఏటిలో సముద్రం దాకా తేలొచ్చినా ఆకుగానే ఉంటుంది. ఏటి ఒడ్డునో మడుగులోనో బతికే లేత మొక్క పూవు అంత దూరం రాదు. దానికి తోడు ఆ నాటికి పూలమొక్కలు అడవిలో మూలకెక్కడో ఉండే చిన్న జాతి. మన తీరంలో వాటి జాడ వెతకాలంటే లోతు బోర్ల మట్టిలో పుప్పొడి చూడాలి.

కందుకూరు_తోట
శిలాజాలు లేకపోతే పోనీ, ఆ తొలి పూల చుట్టాలు మన ఇళ్ల ముందే ఉన్నాయిగా. సంపెంగ, సీతాఫలం, మనోరంజితం, నరమామిడి, తమలపాకు, మిరియం. చెరువులో కలువ, తామర.

చెరువుకట్ట
తామర తీసేయండి. అది కలువ పక్కన బతుకుతుందే గాని దాని చుట్టం కాదు. తామర నిజ ద్విదళబీజాల్లోకి (పూలమొక్కల్లో అతి పెద్ద వంశం) వస్తుంది, దాని దగ్గరి బంధువులు ప్లేన్ చెట్టు, సిల్వర్ ఓక్. కలువ మాత్రం పూలమొక్కల చెట్టులో అడుగు కొమ్మ. న్యూ కాలెడోనియాలో మాత్రమే ఉండే అంబొరెల్లా మొదట విడిపోతే, తర్వాత విడిపోయింది కలువల వంశం.

కందుకూరు_తోట
రెండూ నీళ్లలో గుండ్రటాకులు, బోలెడు రేకులు, బోలెడు కేసరాలు. చూపులతో అయితే ఎవరు నమ్ముతారు?

చెరువుకట్ట
కోసి చూస్తే నమ్ముతారు. తామర పూవు మధ్యలో తిరగేసిన శంఖు ఆకారపు పుష్పాసనం ఉంటుంది, ఒక్కో గుంటలో ఒక్కో ఫలదళం విడివిడిగా కూర్చుంటుంది. కలువలో ఫలదళాలన్నీ కలిసి ఒకే అండకోశం, పైన కీలాగ్రం పళ్లెంలా, కిరణాల్లా గీతలతో. కలువని నిలువుగా కోసి బయట నుంచి లోపలికి వరసగా ఒక్కోటి పీకి కాగితం మీద పెట్టండి. పచ్చటి రక్షక పత్రం, తెల్లటి రేకు, సన్నబడిన రేకు, మొనకి పసుపు గీత పడ్డ రేకు, వెడల్పు కాడ ఉన్న కేసరం, చివరికి మామూలు కేసరం. ఎక్కడ రేకు ఆగిందో, ఎక్కడ కేసరం మొదలైందో గీత గీయలేరు.

ఇంకో మాట. మొదటి రోజు విచ్చిన పూవూ రెండో రోజుదీ రెండూ కావాలి. మొదటి రోజు కీలాగ్రపు గిన్నెలో ద్రవం నిండి ఉంటుంది, కేసరాలు ఇంకా పగలవు. రెండో రోజు ద్రవం ఉండదు, పుప్పొడి రాలుతుంది. ఒక్క పూవే కోసి ‘ఇందులో పుప్పొడి లేదే’ అనే వాళ్లకి ఇదే జవాబు.

రేణువు_లెక్క
అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం పుప్పొడి. నిజ ద్విదళబీజాల రేణువు గోడకి మూడు గాళ్లు (పొడుగు పల్లపు గీతలు) ఉంటాయి, లేదా ఆ మూడు గాళ్ల నుంచి వచ్చిన వేరే ఏర్పాటు. అంతకు ముందు విడిపోయిన వంశాల్లోనూ ఏకదళబీజాల్లోనూ సాధారణంగా ఒకటే గాడి. రాళ్లలో ఒక గాడి రేణువులు ముందొస్తాయి, మూడు గాళ్లవి సుమారు 12.5 కోట్ల ఏళ్ల దగ్గర మొదలవుతాయి.

స్లైడు ఇట్టా చేసుకోండి. అప్పుడే పగిలిన పరాగకోశాన్ని గాజు పలక మీద తట్టాలి. ఒక చుక్క స్పిరిట్ వేసి ఆరనివ్వాలి, రేణువు మీది జిడ్డు పోతుంది. మళ్లీ ఇంకో చుక్క, మళ్లీ ఆరాక గ్లిసరిన్ చుక్క, అందులో సూది మొనంత సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు. కవర్ స్లిప్ ఏటవాలుగా దించాలి. 400 రెట్లలో చూడాలి. పోలికకి సంపెంగ, తాటి లేదా కొబ్బరి, తామర, ఆవ. సంపెంగ, తాటి ఒక గాడి. తామర, ఆవ మూడు గాళ్లు. ఆవ పూవు కోసం పోపుల డబ్బాలోంచి నాలుగు గింజలు కుండీలో వేస్తే నెలన్నరలో పూస్తుంది.

మైపాడు_గాలి
కలువకి ఒక గాడి కనపడటం లేదు. బొమ్మల్లో చూస్తే రేణువు మధ్యలో పెట్టెకి మూత పెట్టినట్టు గీత తిరిగింది.

రేణువు_లెక్క
కలువది ఉంగరపు గాడి, రేణువు చుట్టూ తిరుగుతుంది. ఒక గాడి లెక్కలోనే వేరే రూపం. సీతాఫలంలో ఇంకో చిక్కు, రేణువులు నాలుగేసి అతుక్కుని వస్తాయి. విడదీయాలని నొక్కకండి. అట్టాగే చూడండి.

కందుకూరు_తోట
సీతాఫలం ఎట్టాగూ వచ్చింది కాబట్టి. పూవు మూడు మందపాటి రేకులు, లోపల కేసరాల దిండు, మధ్యలో విడివిడి ఫలదళాల గుట్ట. పండు మీద ఒక్కో కన్ను ఒక్కో ఫలదళం. ఒక పక్క కళ్లు ఉబ్బి, ఇంకో పక్క అణిగి కాయ వంకరగా ఉందంటే అణిగిన పక్క ఫలదళాలకి పుప్పొడి అందలేదని. పూవు ముందు ఆడదశ: రేకులు కొంచెమే విడతాయి, కీలాగ్రాలు తడిగా మెరుస్తాయి. తర్వాత మగదశ: రేకులు బాగా విచ్చుకుంటాయి, కేసరాలు రాలతాయి. చిన్న పురుగులు రేకుల సందులో దూరి ఆ పని చేస్తాయి. తోటలో పురుగుమందు కొట్టి కాత లేదని ఏడిస్తే లాభం లేదు. చేత్తో చేయాలంటే మగదశ పూల కేసరాలు కాగితం మీద రాల్చుకుని, మెత్తటి కుంచెతో ఆడదశ పూల గుట్ట చుట్టూ అన్ని వైపులా తిప్పాలి. ఒకే పక్క రాస్తే మళ్లీ వంకర కాయే.

గూడూరు_అభ్రకం
శిలాజాల చర్చ తోట పనిలోకి వచ్చింది. పేరు మార్చాలి దీనికి.

చెరువుకట్ట
మార్చక్కర్లేదు. సంపెంగ పూవు రేకులు తీసేసి మధ్య కాడ చూడండి. కింద కేసరాలు, కొంచెం ఖాళీ కాడ, పైన మెలితిరిగిన వరసలో విడి ఫలదళాలు. డిల్చర్, క్రేన్ 1984లో కాన్సస్ డకోటా రాళ్ల నుంచి వర్ణించిన ఆర్కియాంథస్ కూడా ఈ పోకడే, పొడుగు కాడ మీద వందకు పైగా ఫలదళాలు. దాని వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు.

మెష్_120
అందువల్లే వందేళ్లు అందరూ మొదటి పూవు సంపెంగలా పెద్దదిగా ఉండేదనుకున్నారు. జల్లెడలో వచ్చినవన్నీ ఆవగింజంత. న్యూజెర్సీలో దొరికిన 9 కోట్ల ఏళ్ల మైక్రోవిక్టోరియా నిర్మాణంలో అమెజాన్ రాకాసి కలువలా ఉంటుంది, కొలతలో మిల్లీమీటర్లే. బొగ్గయ్యేటప్పుడు కుదించుకుపోతుంది నిజమే, ఆ కుదింపు కలుపుకున్నా చిన్నదే.

మైపాడు_గాలి
2017లో సోకే బృందం 792 జాతుల లెక్కతో తొలి పూవు బొమ్మ వేసిందిగా. మూడేసి రేకుల వలయాలు, ఆడా మగా ఒకే పూవులో.

చెరువుకట్ట
వేసింది, బొమ్మ అందంగానే ఉంది. రేకులు వలయాల్లో, ఫలదళాలు మాత్రం మెలికలో అని అందులో తేలింది. పూల నిర్మాణం చదివేవాళ్లలో కొందరు అట్టాంటి కలగలుపు బతికున్న పూలలో కనపడదని అభ్యంతరం పెట్టారు. అంబొరెల్లాలో అన్నీ మెలికే. బతికున్న వాటి లెక్కతో వెనక్కి నడిచే పద్ధతికి, మధ్యలో అంతరించిన వంశాలు కనపడవు. శిలాజం లేకుండా ఆ తగువు తెగదు.

మైపాడు_గాలి
లెక్క లేకుండా శిలాజం కూడా తెగనివ్వదు. మాంట్‌సెకియా స్పెయిన్‌లో వందేళ్లకు పైగా పెట్టెల్లో పడి ఉంది, 2015 దాకా అది పూలమొక్క అని గట్టిగా తేల్చినవాళ్లు లేరు. వెయ్యికి పైగా నమూనాల సున్నపురాయిని చుక్క చుక్క ఆమ్లంతో కరిగించాక తేలింది. అది చెరువుల్లో తేలే సెరటోఫిల్లం లాంటి నీటిమొక్క, పూవుకి రేకులేవీ లేవు, కాయకి ఒకే గింజ.

మెష్_120
సెరటోఫిల్లం మన చేపల చెరువుల్లో దండిగా ఉంటుంది. హైడ్రిల్లాతో కలిపేయకండి. హైడ్రిల్లా ఆకు చీలదు, అంచున పళ్లు ఉంటాయి. సెరటోఫిల్లం ఆకు రెండుగా, మళ్లీ రెండుగా చీలుతుంది, వేర్లు ఉండవు.

ఉదయగిరి_వేరు
ఇసుక దిబ్బల మీది కసైతా ఎవరూ చెప్పలేదు. మైపాడు, కృష్ణపట్నం వైపు పొదల మీద అల్లుకునే ఆకుల్లేని పరాన్న తీగ. చూపుకి కస్కుటా అనే ఇంకో పరాన్న తీగ లాగే ఉంటుంది గాని ఇది దాల్చినచెక్క కుటుంబం. పూవు రెండు మిల్లీమీటర్లు: మూడు చిన్న రేకులు, మూడు పెద్దవి, తొమ్మిది పనిచేసే కేసరాలు. పరాగకోశం నిలువునా చీలదు, చిన్న తలుపు పైకి లేచినట్టు తెరుచుకుంటుంది. మేరీలాండ్‌లో దొరికిన మాల్డీనియా అనే సుమారు 10 కోట్ల ఏళ్ల బొగ్గు పూవులో ఆ తలుపులే ఉన్నాయి, అందుకే దాన్ని ఈ కుటుంబంలో పెట్టారు.

గూడూరు_అభ్రకం
మన దేశపు పూల శిలాజం ఒక్కటైనా చెప్పండయ్యా, అన్నీ అమెరికావే.

రేణువు_లెక్క
మధ్యప్రదేశ్ ఛింద్వారా వైపు మోహ్‌గావ్ కలాన్. దక్కను లావా పొరల మధ్య చెర్టు అనే గట్టి సిలికా రాయిలో సిలికా పట్టిన పూలు. సాహ్ని ఎనిగ్మోకార్పన్ అనే కాయని వర్ణించాడు, శుక్లా 1944లో సాహ్నియాంథస్ అనే పూవుని. తర్వాత రెండూ ఒకే మొక్కవని తేల్చారు, గోరింట కుటుంబంలో పెట్టారు. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. తొలి పూల జాబితాలో చేరదు, ఆ నాటికి మూడు గాళ్ల పుప్పొడి మొక్కలే రాజ్యం. కానీ అడ్డకోతలో గదులూ గింజలూ కణాలతో సహా కనపడతాయి. అచ్చుల్లో ఆ సుఖం లేదు.

ఉదయగిరి_వేరు
గోరింట అన్నారు కాబట్టి, బొగ్గు పూవు ఎట్టా ఉంటుందో ఇంట్లో చూడాలంటే అదే మంచిది. నాలుగు రేకులు, ఎనిమిది కేసరాలు జంటలుగా, నాలుగు గదుల అండకోశం. పూలు నీడలో వారం ఆరాలి. తడి ఉంటే ఆవిరికి పగులుతాయి. రేకు డబ్బాలో సన్నటి పొడి ఇసుక మధ్య పాతిపెట్టి, మూతకి మేకుతో ఒక్క బెజ్జం కొట్టి, ఆరుబయట కుంపటి మీద ముప్పావుగంట. బెజ్జంలోంచి పొగ ఆగాక దించాలి. పూర్తిగా చల్లారకుండా మూత తీస్తే గాలి తగిలి లోపలే బూడిద అవుతుంది. నల్లగా మెరుస్తూ, విరిస్తే టప్పున విరిగితే కుదిరినట్టు. వేలికి మసి అంటి నలిగితే గాలి దూరిందని. రేకులు చాలావరకు ముడుచుకుపోతాయి, అండకోశం, కేసరాల కాడలు నిలుస్తాయి. శిలాజాల్లో కూడా రేకులు తక్కువ కనపడటానికి అదొక కారణం.

పెన్నా_ఇసుక
సరే. ఈ పలకని ఏం చేయాలి? మట్టి అంటి ఉంది, కడగనా?

మెష్_120
కడగొద్దు! షేలు నీళ్లు తాగి పొరలు విప్పుకుంటుంది. మెత్తటి కుంచె, గాలి ఊదే రబ్బరు బుడ్డి, అంతే. వార్నిషు, ఫెవికాల్ పూయకండి, తర్వాత తీయడం ఎవరి తరమూ కాదు. అంచులు రాలుతుంటే పారలాయిడ్ బి-72 అనే, తర్వాత తీయగలిగే జిగురుని ఎసిటోన్‌లో 5 శాతం కలిపి రాలే చోట మాత్రమే చుక్కలు వేయండి, బొడిపె మీద వద్దు. పలక రెండుగా విడిన అవతలి ముక్క ఉంటే అదీ దాచండి, చాలాసార్లు చుక్కలు అవతలి ముక్కలోనే ఉంటాయి. జీపీఎస్ అంకెలు, ఎన్ని అడుగుల లోతు మట్టో, ఏ తేదీనో చీటీ రాసి పలకతోనే చుట్టండి. చీటీ లేని శిలాజం అలంకారానికి తప్ప పనికిరాదు.

రేణువు_లెక్క
బావి ఇంకా తవ్వుతుంటే అడుగు నుంచి వచ్చే బూడిద రంగు మట్టి కిలో, గాలి తగలకముందే పాలిథీన్ సంచిలో కట్టి పెట్టండి. గోధుమ రంగుది వద్దు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ భూగర్భ శాస్త్ర విభాగంలో అడిగి చూడండి, ఫోటోలు ముందు పంపండి.

పెన్నా_ఇసుక
అవతలి ముక్క గుట్టలోనే ఉండి ఉండాలి, రేపు వెతుకుతా. బావి ముప్పై అడుగుల దగ్గర ఉంది, ఇంకా నీళ్లు పడలేదు.

మార్కాపురం_పలక
ఈసారి స్కేలు తీసుకెళ్లండి.